తూచాక ఏం చేశారు?

రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో పనిచేసినన్నాళ్లు నాకు ఒంటబట్టిన పాఠం ఒకటుంది. ఆడిటర్ అభ్యంతరం రాసినంత మాత్రాన పని అయిపోదు. చర్య తీసుకున్నట్టు రుజువు చూపేదాకా ఆ పేరా మూతపడదు. ఆరోగ్య సర్వేలకూ ఇదే సూత్రం.

మా సిర్గిట్టిలో రైల్వే ఉద్యోగాలకొచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. క్షయ వస్తే గ్రహచారమని శాంతులు చేయించినవాళ్లను వారిలో చూశాను. బిలాస్‌పూర్‌కి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న గనియారిలో మాత్రం డాక్టర్లు జాతకం బదులు తూకం చూశారు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు 1996లో పెట్టిన సంస్థ జన్ స్వాస్థ్య సహయోగ్. 2004-2009 మధ్య తమ దగ్గరకొచ్చిన 1695 మంది క్షయ రోగుల లెక్కలను వీరు 2013లో ప్రచురించారు. ఆడవారి మధ్యస్థ బరువు 34.1 కిలోలు, మగవారిది 42.1. అంటే సగం మంది ఆడవాళ్లు 34 కిలోలు కూడా సరిగా లేరన్నమాట!

ఇక్కడ హేతువాది ఒక ప్రశ్న వేయాలి. జబ్బువల్లే చిక్కిపోయి ఉండొచ్చు కదా? నిజమే, ఆ లెక్క ఒక్కటే దీన్ని తేల్చదు. తేల్చడానికి ప్రయోగం కావాలి. గనియారి డాక్టర్లలో ఒకరైన అనురాగ్ భార్గవ, సహచరులతోను ప్రభుత్వ క్షయ నివారణ సిబ్బందితోను కలిసి, 2019లో జార్ఖండ్‌లో ఆ ప్రయోగం మొదలుపెట్టారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. కొన్ని ప్రాంతాల్లో మాత్రం వారి ఇంట్లోవాళ్లకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు అందించారు. 2023లో ఫలితం వచ్చింది: అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. క్షయకు కారణం క్రిమే, కానీ దానికి తలుపు తీసేది ఆకలి.

ఊరివాళ్లు చేయి కలపకపోతే ఇంటింటికీ ఏ పనీ చేరదు. ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 2002లో మొదలుపెట్టిన మితానిన్ పథకం ఈ సంగతి ముందే చూపింది. పేటవాళ్లే ఎంచుకున్న మహిళే అక్కడ ఆరోగ్య కార్యకర్త. 2005లో దేశమంతటికీ వచ్చిన ఆశా పథకానికి అదొక నమూనా.

మరి పేరా మూతపడిందా? రోగికి 2018లో నెలకు 500 రూపాయలిచ్చారు, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. ఇంట్లోవాళ్ల ఆహారాన్ని మాత్రం దాతలకు వదిలారు. దాత మనసు మారితే పప్పు ఆగిపోతుంది. హక్కుగా రాని తిండిని నేను ఖాతాలో జమ వేయలేను.

ఈసారి మీ ఊళ్లో ఎవరైనా బరువులు తూస్తే, ఎంతమందిని తూచారని కాక, తూచాక ఏం చేశారని అడగండి.