సీసాలో ఇసుక: 'నొటోరియస్' ప్రేక్షకుల తీర్పులపై పులివెందుల వైపు నుంచి ఒక పరిశీలన

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 'నొటోరియస్' (1946) మీద సుమారు ఎనభై ఏళ్లుగా నడుస్తున్న వాదనలు ముగ్గురు మనుషుల చుట్టూ తిరుగుతుంటాయి. డెవ్లిన్ (కేరీ గ్రాంట్) అలీషియాను (ఇంగ్రిడ్ బెర్గ్‌మన్) ప్రేమించాడా, వాడుకున్నాడా? ఆమె అన్ని అవమానాలు ఎందుకు భరించింది? సెబాస్టియన్ (క్లాడ్ రెయిన్స్) నాజీ అని తెలిసి కూడా అతని మీద జాలి ఎందుకు పుడుతుంది? వైన్ సీసాలో దాచిన ఖనిజం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. దాన్ని పట్టించుకోనక్కర్లేదని దర్శకుడే చెప్పాడు కూడా. పులివెందుల దగ్గరి తొండూరులో కూర్చుని చూసేవారికి ఆ మాట అంత సులువుగా మింగుడుపడదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కథ చిన్నదే. జర్మనీ తరఫున గూఢచర్యం చేసి శిక్షపడ్డ ఒకాయన కూతురు అలీషియా. తాగుబోతని, తిరుగుబోతని ఆమెకు పేరు. రియో డి జనీరోలోని నాజీ ముఠా గుట్టు లాగడానికి అమెరికా ప్రభుత్వం ఆమెను పంపిస్తుంది. వెంట తీసుకెళ్లిన ఏజెంటు డెవ్లిన్, ఆమె ప్రేమలో పడతారు. ఆమెకు అప్పగించిన పని, ఒకప్పుడు తనను ఇష్టపడిన సెబాస్టియన్‌కు మళ్లీ దగ్గర కావడమని ఆ తర్వాత తెలుస్తుంది. వద్దని అతను అంటాడేమోనని ఆమె, చేయనని ఆమె అంటుందేమోనని అతను ఎదురుచూస్తారు. ఇద్దరూ నోరు విప్పరు. చివరికి ఆమె సెబాస్టియన్‌ను పెళ్లే చేసుకుంటుంది.

ప్రేక్షకుల తీర్పులు చీలేది ఇక్కడే. డెవ్లిన్ ఆమెను దెప్పే మాటల్లో ఉన్నది అసూయ అని సరిపెట్టుకునేవారు కొందరు, అది క్రూరత్వమేనని తేల్చేవారు కొందరు. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫో, హిచ్‌కాక్‌తో సాగించిన సుదీర్ఘ సంభాషణలో, సెబాస్టియన్ ప్రేమే ఎక్కువ లోతైనదేమో అన్నాడు. నా ఓటు కూడా అటే. ఆమె గూఢచారి అని తెలిశాక సెబాస్టియన్ చేసిన విషప్రయోగంతో నీరసించిన అలీషియాను డెవ్లిన్ మెట్ల మీదుగా దించి కారెక్కించాక, తననూ ఎక్కించుకోమని సెబాస్టియన్ బతిమాలతాడు. డెవ్లిన్ కారు తలుపు గడియ వేసేస్తాడు. పైనుంచి, అనుమానం వచ్చిన ముఠావాళ్లు సెబాస్టియన్‌ను పిలుస్తారు. న్యాయం జరిగిందని తెలిసినా హాయిగా ఊపిరి తీసుకోలేం.

ఈ ఇబ్బంది తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. నన్నయ ఆదిపర్వంలోని కచ దేవయాని ఉపాఖ్యానం గూఢచారి ప్రేమకథే. చనిపోయినవారిని బతికించే మృతసంజీవని విద్య రహస్యం కోసం దేవతలు బృహస్పతి కొడుకు కచుణ్ణి శత్రుపక్షపు గురువు శుక్రాచార్యుడి ఇంటికి శిష్యుడిగా పంపుతారు. గురువు కూతురు అతన్ని ప్రేమిస్తుంది. దానవులు అతన్ని చంపి, కాల్చి, బూడిదను సురలో కలిపి శుక్రుడి చేత తాగిస్తారు. కూతురి కన్నీళ్లు చూడలేక శుక్రుడు కడుపులో ఉన్న శిష్యుడికి విద్య నేర్పి బతికిస్తాడు. పని ముగిశాక కచుడు ఆమెను కాదంటాడు. నీ తండ్రి కడుపున ఉండి వచ్చాను, నువ్వు నాకు చెల్లెలివి అంటాడు. ధర్మం అతని పక్షాన ఉందని పెద్దలు ఎంత చెప్పినా, కథ విన్న మనసు దేవయాని దగ్గరే ఆగుతుంది. 'నొటోరియస్'లో స్త్రీ పురుషులు తారుమారయ్యారు. గూఢచారి స్త్రీ అయింది. శత్రువు ఇంట్లో ఉండి నిజంగా ప్రేమించి మోసపోయిన దేవయాని స్థానం సెబాస్టియన్‌కు దక్కింది. ఆమె శపించింది, ఇతను కాఫీలో విషం కలిపాడు. రెండు కథల్లోనూ రహస్యం మద్యంలోనే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు, పోలిక మాత్రం విడిచిపెట్టలేనంత దగ్గరగా ఉంది.

మన గూఢచారి సినిమాలు ఈ దారి పట్టలేదు. ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో కృష్ణ, జయలలిత నటించిన 'గూఢచారి 116' (1966) జేమ్స్ బాండ్ ఒరవడిలో నడిచింది. ఆ సినిమాకు ఛాయాగ్రహణం చేసిన రవికాంత్ నగాయిచ్ మరుసటి ఏడే హిందీలో దాన్ని 'ఫర్జ్'గా తీశాడు. ఆ సినిమాల్లో ప్రేమ ఒక గది, డ్యూటీ మరో గది. పాట అయిపోగానే హీరో ఫైటింగుకు వెళ్లిపోతాడు. హీరో ప్రేమే పాపంగా మారే అవకాశం ఆ పద్ధతిలో లేదు. ఫిల్మ్ నోయిర్ అనే నేరకథా చిత్రాల చీకటికి తెలుగులో దగ్గరగా వచ్చింది గూఢచారులతో సంబంధం లేని 'స్వర్గసీమ' (1945). తీసినవారు పులివెందుల తాలూకాలో పుట్టిన బి.ఎన్. రెడ్డి. అందులో భానుమతి పాత్ర మగవాడి సంసారాన్ని కూల్చే మోహిని. అతను చివరికి భార్య దగ్గరికి చేరతాడు. ఆ మరుసటి ఏడాది హిచ్‌కాక్ 'చెడ్డపేరున్న ఆడది' వైపు నిలబడి, ఆమెను తప్పుపట్టిన మగవాళ్లను బోనెక్కించాడు.

ఇక సీసా. సెబాస్టియన్ ఇంట్లో విందు మధ్యలో అలీషియా, డెవ్లిన్ నేలమాళిగలోకి దిగుతారు. వెతుకుతుండగా ఒక సీసా కిందపడి పగులుతుంది. వైన్ ఒలకదు, నల్లటి ఇసుక రాలుతుంది. అది యురేనియం ఖనిజం. యురేనియం నచ్చకపోతే పారిశ్రామిక వజ్రాలు పెడదామని నిర్మాతతో అన్నానని హిచ్‌కాక్ త్రుఫోకు చెప్పాడు. కథను నడిపే ఇలాంటి సాకుకు ఆయన వాడిన పేరు మాక్‌గఫిన్. హిరోషిమా మీద బాంబు పడి ఏడాది తిరిగేసరికి ఈ సినిమా విడుదలైంది. అయినా ఆ ఇసుక సాకేనన్న మాటను చాలామంది విమర్శకులు ఒప్పేసుకున్నారు.

తొండూరు వైపు మాత్రం అది సాకు కాదు. పులివెందుల పక్కన వేముల మండలం తుమ్మలపల్లెలో భారత యురేనియం సంస్థ గని, శుద్ధి కర్మాగారం 2012లో మొదలయ్యాయి. ఇక్కడ 49,000 టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయని అంతకు ముందు ఏడాది అణుశక్తి సంఘం అధ్యక్షుడు ప్రకటించారు. నిల్వ పెద్దదే కానీ రాయి పేదది. టన్ను రాయికి అరకిలో యురేనియం కూడా ఉండదు. సెబాస్టియన్ సీసాలో మన తుమ్మలపల్లె రాతిపొడి పోసుంటే గ్రాము దక్కడం కూడా కష్టమే. అమెరికా బాంబుకు వాడిన కాంగో ఖనిజం లాంటిది అతనికి దొరికిందనుకోవాలి. రాయిని పిండి చేసి, క్షారంలో నానబెట్టి, సారం తీసి హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి పంపుతారు. మిగిలిన బురద కె.కె. కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువులోకి పోతుంది. బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. గనికీ దానికీ సంబంధం లేదని సంస్థ వాదించింది.

ఇది తెలిసినవారికి నేలమాళిగ దృశ్యంలో సస్పెన్స్ ఏమీ తగ్గదు. పైన షాంపేన్ సీసాలు అయిపోతున్నాయి, సెబాస్టియన్ ఏ క్షణమైనా నేలమాళిగ తాళంచెవి కోసం వెతుక్కోవచ్చన్న బెదురు అలాగే ఉంటుంది. కానీ వజ్రాలు పెట్టినా ఇదే సినిమా అన్న మాటను వీరు ఒప్పుకోలేరు. డెవ్లిన్ ఆ ఇసుకను ఊడ్చి మరో సీసాలోకి ఎత్తుతుంటే, పట్టుబడతాడా లేదా అన్నదొక్కటే వీరి ప్రశ్న కాదు. అది ఏ కొండది, తవ్విందెవరు, అక్కడి బావుల్లో నీళ్లు ఎలా ఉన్నాయి అని కూడా అడుగుతారు. తవ్వినవాళ్లు సినిమాలో ఒక్క షాట్‌లోనూ కనిపించరు.