అరచేతిలో పలక



పిల్లవాడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని పాఠం గడగడా చదివేస్తూంటే ఏ తల్లికి ముచ్చటగా ఉండదు చెప్పండి! మా రెండోవాడు ఒకటో తరగతిలో అలాగే చదివేవాడు. ఓ రోజు పోపు వేస్తూ వెనక్కి తిరిగి చూద్దును కదా, వాడి వేలు ఒక పేజీ మీద ఉంది, నోరు మరో పేజీలో ఉంది! మధ్యలో ఓ మాట చూపించి "ఇదేమిట్రా?" అంటే బిక్కమొహం వేశాడు. పాఠమంతా కంఠతా వచ్చింది కాని చదవడం రాలేదు. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం చదవడం బాగుందనే రాసి ఉంది. తప్పు బడివాళ్లదే అనను. రోజూ పక్కనుండి విన్నదాన్ని నేను కూడా కనిపెట్టలేకపోయాను మరి.

పిల్లలకు చదవడం వచ్చిందో లేదో తేల్చుకోవడం మనం అనుకున్నంత తేలిక కాదు. దానికి నూరేళ్ల పైబడిన చరిత్ర ఉంది. అదే ఇవాళ మీకు చెబుతాను.

1915లో అమెరికాలో విలియం ఎస్. గ్రే అనే ఆయన తేలికవాటి నుంచి కష్టమైనవాటి దాకా కొన్ని పేరాలు వరసగా కూర్చారు. పిల్లవాడు వాటిని పైకి చదవాలి. పరీక్షించేవారు గడియారం చూసుకుంటూ తప్పులు గుర్తు పెట్టుకోవాలి. 1970 దశకం చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డీనో, ఆయన సహచరులు దీన్ని మరీ తేలిక చేశారు. ఒకే ఒక్క నిమిషం చదివించి, తప్పు లేకుండా ఎన్ని మాటలు చదివాడో లెక్కపెట్టడమే. జ్వరం చూసినట్టు, వారం వారం చూసుకోవచ్చన్నమాట. తరువాత ఆరిగన్ విశ్వవిద్యాలయం వారు 'డిబెల్స్' అనే పరీక్షలు ఈ దారిలోనే తయారుచేశారు.

కాని పంతులమ్మగారి అవస్థ ఊహించండి. ఓ చేతిలో స్టాప్‌వాచీ, ఓ చేతిలో పెన్సిలు, ఒళ్లో కాగితాలు. క్లాసులో పిల్లలందరికీ అయ్యాక ఆ లెక్కలన్నీ కూడుకోవడం!

1996లో పామ్ వారి 'పైలట్' బజారులోకి వచ్చింది. పామ్ అంటే అరచేయి. దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ ముందుగా ఆ సైజులో ఓ చెక్కముక్క కోసుకుని, జేబులో వేసుకుని తిరిగి, వీలుగా ఉందో లేదో చూసుకున్నారట. ఫోను నంబర్లూ, కలుసుకోవలసినవారి వేళలూ రాసుకోవడానికి పుట్టిన ఆ యంత్రాన్ని, 2000లో న్యూయార్కులో మొదలైన 'వైర్‌లెస్ జెనరేషన్' కంపెనీ తరగతి గదిలోకి తెచ్చింది. పిల్లవాడి చేతిలో మామూలు పుస్తకమే. అదే పాఠం టీచరు అరచేతిలో కనిపిస్తుంది. తప్పు చదివిన మాట మీద చిన్న పుల్లతో తాకుతారు. నిమిషం అవగానే లెక్క దానంతటదే తేలుతుంది. కంప్యూటరుకు తగిలిస్తే ఎవరు వెనకబడ్డారో క్లాసంతా కనిపిస్తుంది.

2002లో అమెరికా ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి, చిన్న తరగతుల చదువుకు డబ్బిచ్చి, పరీక్షలు తప్పనిసరి చేసింది. దానితో ఈ పద్ధతి బాగా పాకింది. విమర్శలూ వచ్చాయి. నిమిషంలో ఎన్ని మాటలో లెక్కపెడితే చదువు పరుగుపందెం అయిపోదా? గబగబా చదివినవాడికి అర్థమైనట్టేనా? సబబైన ప్రశ్నలే కదూ!

2007లో సెనెగల్, గాంబియా దేశాలలో ఇలాంటి పరీక్షనే కాగితం మీద చేసి చూశారు. అందులో కథ చదివించాక ప్రశ్నలు కూడా అడుగుతారు. ఆ పైన కెన్యా వంటి చోట్ల దాన్ని టాబ్లెట్లలోకి ఎక్కించారు.

మన దేశంలో 'ప్రథమ్' సంస్థ 2005లో మొదలుపెట్టిన 'అసర్' సర్వేకి యంత్రమే లేదు. ఒక్క కాగితం! అందులో అక్షరాలు, మాటలు, ఒక పేరా, ఒక చిన్న కథ. కార్యకర్తలు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని చదవమంటారు. 2018లో అయిదో తరగతి పిల్లల్లో ఇంచుమించు సగంమందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. మిగతావాళ్లందరూ బడికి వెళ్తున్న పిల్లలే సుమండీ!

2019లో గూగుల్ వారు 'బోలో' అని ఓ ఆప్ తెచ్చారు. అది తరువాత 'రీడ్ అలాంగ్' అయి తెలుగులోకీ వచ్చింది. పిల్లవాడు చదువుతూంటే ఫోనే వింటుంది, తడబడితే అందిస్తుంది.

ఫోను వింటుంది, నిజమే. కాని తడబడినప్పుడు వాడి మొహం చిన్నబోవడం చూడవలసింది మనమే. అందుకని ఓ చిన్న పని చెయ్యండి. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ పిల్లవాడికి ఎప్పుడూ చూడని కథ ఒకటి ఇవ్వండి. బొమ్మలు చేత్తో మూసి చదివించండి. గడియారం చూడకండి. చదివాక "ఏం జరిగిందిరా?" అని అడగండి. రాకపోతే కోప్పడవద్దు, పక్కింటి పిల్లతో పోల్చవద్దు. మావాడితో నేను వత్తులూ గుణింతాలూ మళ్లీ మొదటినుంచి పలక మీద దిద్దించాను. ఏడాది పట్టింది. ఇప్పుడు వాడి చేతిలో పుస్తకం లాక్కుంటే గాని అన్నానికి రాడు.