ఒక లాభం, ఎన్ని పన్నులు?

1922 ఆదాయపు పన్ను చట్టం కింద, కంపెనీ కట్టిన ఆదాయపు పన్నును వాటాదారు తరఫున కట్టినట్టే లెక్కవేసేవారు. ఆదాయపు పన్ను పైన అదనంగా వేసే సూపర్ ట్యాక్సుకు మాత్రం ఆ జమ లేదు. ఆదాయం తక్కువున్న వాటాదారు ఎక్కువైన పన్నును వాపసు తీసుకునేవాడు. హైదరాబాద్ రాష్ట్రానికి ఈ చట్టం 1950లో వచ్చింది. పదేళ్లు తిరగకముందే, 1959 ఆర్థిక చట్టం ఆ జమను ఎత్తేసింది. ఇన్నేళ్లలో మనం పోగొట్టుకున్న అత్యంత న్యాయమైన ఏర్పాటు అదేనని నా నమ్మకం.

తర్వాత లాభంపై కంపెనీ, డివిడెండుపై వాటాదారు విడివిడిగా కడుతూ వచ్చారు. 1997 జూన్ 1 నుంచి రెండో పన్ను కూడా కంపెనీ మీదే పడింది, 10 శాతం. రేటు 2000లో 20కి ఎక్కి, మరుసటేడు 10కి దిగింది. 2002లో భారం వాటాదారుకు మళ్లి, 2003లో 12.5 శాతంతో తిరిగి కంపెనీకి చేరింది. కోటీశ్వరుడి డివిడెండుకూ, పింఛనుతో బతికే వృద్ధుడి డివిడెండుకూ ఒకే కోత. అందులోని అన్యాయాన్ని సరిదిద్దబోయి, 2016లో ఏడాదికి 10 లక్షలు దాటిన డివిడెండుపై వాటాదారు నుంచి మరో 10 శాతం వసూలు చేశారు. అలా ఒకే లాభంపై మూడు పన్నులయ్యాయి.

ఒకే లాభంపై ఎవరు పన్ను వేయాలన్న వివాదం, మేడ్చల్ దగ్గరున్న టీకాల కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ విషయంలో దేశాల మధ్యకూ వెళ్లింది. దాని వాటాలున్న షాన్‌హెచ్ అనే ఫ్రెంచి కంపెనీని 2009లో సనోఫీ పాశ్చర్ కొన్నది. అమ్మినవాళ్ల లాభంపై ఇక్కడ పన్ను కోయలేదేమని ఆదాయపు పన్ను శాఖ కొన్నవాళ్లను నిలదీసింది. 2012లో చట్టాన్ని వెనకటి తేదీ నుంచి సవరించినా, భారత్-ఫ్రాన్స్ ఒప్పందం ప్రకారం ఆ పన్ను ఫ్రాన్స్‌దేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2013 ఫిబ్రవరి 15న తేల్చింది. రెండు దేశాలూ ఒకే లాభంపై చెయ్యి వేయకూడదన్న సూత్రం అక్కడ నిలబడింది.

దేశంలోపల అలాంటి ఒప్పందమేదీ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి డివిడెండు పన్ను మళ్లీ వాటాదారు నెత్తికే వచ్చింది. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీ వంద రూపాయల లాభంపై సర్‌చార్జీ, సెస్సులతో 25.17 కడుతుంది. మిగతా 74.83 పంచితే, 30 శాతం శ్లాబులోని వాటాదారు సెస్సుతో కలిపి మరో 23.35 కట్టాలి. చేతికొచ్చేది 51.48. పన్ను పరిధిలోకే రాని ఓ వృద్ధురాలికి రెండో కోత తప్పింది. ఆమె వాటాపై కంపెనీ కట్టేసిన ఆ మొదటి 25 రూపాయలను వాపసు అడిగే దారి మాత్రం 1959తోనే మూసుకుపోయింది.