పాత ఇత్తడి నుంచి పాడైన టీవీ దాకా: తుక్కు చరిత్రలో మన వాటా



"పాత ఇనుప సామాన్లు, పగిలిన ప్లాస్టిక్, పాడైన టీవీలు కొంటాం" అని మైకు పెట్టుకొని ఆటోలు ఇప్పుడు మన గూడేలకు కూడా వస్తున్నయి. చాలామంది దీన్ని పట్నం వ్యాపారం అనుకుంటరు. కానీ పాతదాన్ని కరిగించి కొత్తది చేసుడు మనకు కొత్త కాదు. ఆ చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

ముందు ఓజాల సంగతి. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో జైనూర్ మండలం ఉషేగాం, కెరమెరి మండలం కేస్లాగూడ పేర్లు మీరు వినే ఉంటరు. అక్కడి ఓజా కుటుంబాలు చేసే డోక్రా బొమ్మలకు, దేవతామూర్తులకు ముడిసరుకు ఏంది? పాత ఇత్తడే. పగిలిన బిందె, సొట్టపోయిన చెంబు, విరిగిన గంట. మట్టితో లోపలి అచ్చు చేసి, దాని మీద మైనం దారాలు చుట్టి రూపం తెస్తరు. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోతది. చల్లారినంక అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. 4 వేల ఏళ్లకు పైబడిన మొహెంజొదారో నాట్యకత్తె కంచు బొమ్మ కూడా మైనం పోతపనిలో చేసిందే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది.

రెండోది ఇనుము కథ. మధ్య భారతంలో అగరియాలు రాయిని కరిగించి ఇనుము తీసేవాళ్లు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. బ్రిటిష్ కాలంలో అడవి రిజర్వు అయింది, బొగ్గు కాల్చుకోవడం కష్టమైంది. కొలిమి మీద పన్ను పడింది. రైళ్లలో చౌక ఇనుము దిగింది. ఒక్కో కొలిమీ ఆరిపోయింది. ఇయాల ఊళ్లల్ల గొడ్డలి, కొడవలి చాలావరకు లారీ కమాన్ పట్టీ తుక్కుతోనే తయారైతున్నయి. పనితనం చేతిలోనే ఉన్నది, ముడిసరుకు మీద హక్కు పోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇగ మూడోది, కరెంటు సామాన్ల తుక్కు. ఇది బిందె, చెంబు లాంటిది కాదు. పాత డబ్బా టీవీ గాజులో సీసం ఉంటది. ట్యూబ్‌లైట్‌లో పాదరసం. రాగి కోసం వైర్లు కాలిస్తే పైనున్న ప్లాస్టిక్ నుంచి డయాక్సిన్ అనే విషం లేస్తది. 2022లో ప్రపంచంలో ఇట్లాంటి తుక్కు 6.2 కోట్ల టన్నులు పోగైతే, పద్ధతి ప్రకారం రీసైకిల్ అయినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. మిగతాదాంట్లో చాలా భాగం డంపింగ్ యార్డులకు, చిన్న చిన్న తుక్కు దుకాణాలకు చేరుతది. అక్కడ పనిచేసేది ఎవరు?

మా గూడెం తమ్ముడొకడు ఇంటర్ ఆపేసి పట్నంలో అట్లాంటి దుకాణంలో చేరిండు. పొద్దంతా వైర్లు కాల్చుడే. చేతికి గ్లౌజులు లేవు, జేబులో ఏ గుర్తింపు కార్డూ లేదు. దండారికి ఇంటికొచ్చినప్పుడు రాత్రంతా దగ్గుతనే ఉన్నడు.

చట్టం లేదా అంటే ఉన్నది. మన దేశంలో మొదటి ఈ-వేస్ట్ నిబంధనలు 2011లో వచ్చి, 2012 మే 1 నుంచి అమలయ్యాయి. 2016లో మారాయి. మళ్లీ 2022లో కొత్తవి చేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. వస్తువు తయారు చేసిన కంపెనీయే దాని తుక్కుకూ బాధ్యత పడాలన్నది వీటిలో ముఖ్యమైన మాట. దీని గురించి అందరూ మాట్లాడుతరు. కానీ ఇంకో మాట కూడా ఉన్నది: ఈ పనిచేసే కార్మికులను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించి నమోదు చేయాలి, సంఘాలు పెట్టుకునేందుకు సాయం చేయాలి, శిక్షణ ఇవ్వాలి, వాళ్ల ఆరోగ్య భద్రత చూడాలి. ఇది మన పిల్లలకు ఎవరు చెప్పిన్రు?

అగరియాల కొలిమి ఆరినప్పుడు అడిగేటోళ్లు లేరు. ఇప్పుడు మనం చదువుకున్నం. ఐటీఐ, పాలిటెక్నిక్ చేస్తున్నవాళ్లు ఈ నిబంధనలు చదవండి. పట్నంలో తుక్కు పనిలో ఉన్న మనవాళ్ల పేర్లు రాసి పెట్టండి, కార్మిక శాఖ దగ్గరికి కలిసి పోదాం. ఇంట్లో వైర్లు కాల్చనీయకండి, పాత టీవీ, బ్యాటరీ పగలగొట్టనీయకండి. సెలవులకు పోయినప్పుడు మీ తాతను, అవ్వను అడగండి, మన ఊళ్లె కొలిమి ఎక్కడుండేదని. చెప్పింది రాసి ఇక్కడ పెట్టండి.

జై సేవా.