తెరమీది మారుమనస్సు

తెలుగు క్రైస్తవుల చుట్టూ రెండు మాటలు తిరుగుతుంటాయి: మారుమనస్సు, మతమార్పిడి. మొదటిది చర్చి లోపల వినపడే బైబిల్ మాట. రెండోది బయటివాళ్ల మాట, పేపర్లోనూ పోలీస్ స్టేషన్‌లోనూ వినపడేది. ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ కన్వర్షన్ అంటే సరిపోతుంది. గే మనుషుల్ని సరిచేస్తామనే వైద్యానికీ అదే మాట తగిలించి కన్వర్షన్ థెరపీ అన్నారు. అందుకేనేమో, అమెరికన్ సువార్త సినిమాల్లో గే పాత్ర కనపడితే కథ ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. నాకు తెలిసిన తెలుగు సువార్త సినిమాల్లో అలాంటి పాత్రే లేదు. మాదాపూర్ హాస్టల్ గదుల్లో ఇప్పుడు ఈ రెండు రకాలూ ఒకే ఫోన్‌లో ఆడుతున్నాయి.

మన వైపు నుంచి మొదలుపెడితే, 1978 చివర్లో వచ్చిన ‘కరుణామయుడు’ దగ్గర మొదలుపెట్టాలి. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ ఆ విడుదల చూడకుండానే ఆ ఏడాది జనవరిలో పోయాడు. ఏసుగా వేసిన విజయచందర్ ఆ తర్వాత షిర్డీ సాయిబాబాగా కూడా వేశాడు, రెంటికీ దండం పెట్టిన ఇళ్లున్నాయి. 1980లో బాపు ‘రాజాధిరాజు’ తీస్తే అందులోనూ ఆయనే ఏసు, సైతాను నూతన్ ప్రసాద్. ఇవి తెలుగువాళ్లు పౌరాణికాలు చూసే కళ్లతోనే చూసిన సినిమాలు. కరుణామయుడిని హిందీలో ‘దయాసాగర్’గా డబ్ చేసి, ప్రొజెక్టర్ మోసుకుంటూ ఊరూరా తిప్పారు. చెరుకు బండి పక్కన, తెల్లగుడ్డ మీద, సిలువ సీను వచ్చేసరికి ముసలమ్మలు కళ్లొత్తుకునేవాళ్లు. అయిపోయాక చాలామంది తమ దేవుళ్ల దగ్గరికే వెళ్లిపోయేవాళ్లు. ఏడుపే ఆ సినిమా బలం. చూసేవాడు ఎవడు, ఎలాంటివాడు అన్న ప్రశ్న దానికి లేదు. నాకు అందులో నచ్చేదీ అదే.

దీని వెనక ఇంకో చరిత్ర ఉంది. సరిగ్గా నూరేళ్ల ముందు, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వాళ్లకి కూలి ఇప్పించాడు. కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపాడు కూడా. మన దగ్గర మారడమంటే ఇది: గూడెం గూడెమంతా, చుట్టాలూ పక్కాలతో కలిసి నీళ్లలోకి దిగడం. ఒంటరిగా గదిలో మోకరించి తన పాపం తాను లెక్కపెట్టుకునే మనిషి మన కథల్లోకి ఆలస్యంగా, ఎక్కువగా అమెరికా నుంచి వచ్చాడు.

ఆ అమెరికన్ రకానికి నమూనాగా రే కంఫర్ట్ అనే ప్రచారకుడి ‘ఆడాసిటీ’ చూడొచ్చు. 2015 నాటిది, గంటలోపే అయిపోతుంది, యూట్యూబ్‌లో ఉచితం. పీటర్ అనే క్రైస్తవ కుర్రాడు గే మనుషులకి వాక్యం చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవడం కథ. మధ్యలో కంఫర్ట్ రోడ్డు మీద జనాన్ని ఆపి చేసిన ఇంటర్వ్యూలు వస్తాయి. తిట్లుండవు, ఎగతాళి ఉండదు. మన కమర్షియల్ సినిమా ‘తేడాగాడు’ అని నవ్వించే జోకులతో పోలిస్తే ఎంతో మర్యాదగా ఉంటుంది. కానీ ఇది ఎవరి కథ? పరీక్షలో ఉన్నది పీటర్ ధైర్యం. గే పాత్రలు ఆ పరీక్షలో వచ్చే ప్రశ్నపత్రం మాత్రమే. వాళ్లకి ప్రేమించిన మనిషి ఉంటే ఆ ప్రేమకి తెరమీద పావుగంట కూడా దొరకదు. ఎగతాళికి జవాబు చెప్పొచ్చు గానీ, మీ మీద ప్రేమతోనే చెబుతున్నా అనేవాడికి ఏం చెప్తాం?

చిత్రమేమిటంటే, ఈ సినిమాలకి కావలసిన పాత్ర బైబిల్లోనే ఉంది. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు. ధర్మశాస్త్రం ప్రకారం సమాజంలో చోటులేనివాడు. రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ పోతుంటాడు. ఫిలిప్పు ఎక్కి వివరిస్తాడు. నీళ్లు కనపడగానే నాకు బాప్తిస్మమివ్వడానికి అడ్డమేంటని అతనే అడుగుతాడు. ఫిలిప్పు ఇస్తాడు, ముందు మారి రమ్మని అనడు. ఇది గే పాత్ర అని నేననడం లేదు. నపుంసకుడన్న మాటకి ఆ కాలంలో అర్థం వేరు. కానీ లింగం విషయంలో లోకం తోసేసిన మనిషి, ఉన్నవాడున్నట్టే చేరాడు. ప్రపంచమంతా తిరిగిన 1979 ‘జీసస్’ సినిమా లూకా సువార్త మీదే తీశారు, కార్యములు రాసింది కూడా లూకానే అంటారు. సినిమా మాత్రం ఆ రథం దాకా రాదు.

హైదరాబాద్‌లో ఆ మాటకి వేరే చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీ (1919) నాటి నపుంసకుల చట్టం, ఆడ దుస్తుల్లో వీధిలో కనపడ్డ హిజ్రాని వారంట్ లేకుండా పట్టుకోవచ్చంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికీ అది పుస్తకాల్లోనే ఉంది. తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అదే ఏడాది అక్టోబరు 17న, హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ వేసిన పెళ్లి హక్కు కేసులో సుప్రీంకోర్టు కాదంది. 2018లో 377 పోయాక నేరమైతే కాదు, సంసారమూ కాదు.

ఈ కారిడార్‌లో పనిచేసే దళిత క్రైస్తవ కుర్రాళ్లలో గే అయినవాళ్ల గురించి నేనెక్కడా చదవలేదు, మనుషుల్ని మాత్రం ఎరుగుదును. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు క్రైస్తవుడైతే ఆ హోదా ఉండదంటుంది కాబట్టి, సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు పెట్టుకున్న ఇళ్లు మన దగ్గర బోలెడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి దాచుకోవడం కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఆఫీసులో జూన్ నెలలో ఇంద్రధనుస్సు ట్యాగు, ఆదివారం కొండాపూర్‌లో ఇంగ్లిష్ ఆరాధన, పండక్కి ఊళ్లో పెళ్లిచూపులు. ఆరాధన అయ్యాక ఎవరో ఒక అన్న ప్రేమగా ఒక లింకు పంపుతాడు, చూడు తమ్ముడూ అని.

ఈ మధ్యకాలంలో నాకు తెలిసిన నిజమైన మారుమనస్సు మద్రాసు హైకోర్టులో జరిగింది. ఇద్దరమ్మాయిలు రక్షణ కోరుతూ వస్తే జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, తనకీ విషయం సరిగ్గా తెలియదని ఒప్పుకుని, సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 2021 జూన్ 7 నాటి ఉత్తర్వులో ఆ మాట దాచకుండా రాసి, వైద్యం పేరుతో మార్చే ప్రయత్నాల్ని నిషేధించాడు. చర్చిలో చెప్పే సాక్ష్యంలా ఉంటుంది ఆ భాగం. మరుసటి ఏడాది నేషనల్ మెడికల్ కమిషన్ అలాంటి చికిత్సని వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద చేర్చింది. అయితే కమిషన్ పరిధి డాక్టర్ల వరకే. ఉపవాసం పెట్టించి, తలమీద చెయ్యేసి మారుస్తామనే పాస్టరు దాని కిందికి రాడు.