సేవాగ్రామంలో ఒక నాస్తికుడు



పోయిన ఆదివారం మన కమిటీలో జరిగిన వాదన అందరికీ తెలుసు. మన సభ్యులు ఒకరు పోయారు. దేవుణ్ణి నమ్మని మనిషి. తన సంతాప సభలో దీపం, దేవుడి పాట వద్దని పిల్లలకు చెప్పి పోయారు. పిల్లలు వచ్చి హాలు అడిగారు. సగం మంది ఇద్దామన్నారు. ప్రార్థన లేకుండా మన హాల్లో ఏ సభా జరగలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు అని మిగతా సగం మంది అన్నారు. తీర్మానం కాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటాము. అంతలోపల ఒక పాత సంగతి మీ ముందు పెట్టాలని ఇది రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను భక్తుణ్ణి. మదురైలో పుట్టి పెరిగినవాణ్ణి. చిత్తిరై పండగలో అళగర్ వైగై ఏట్లో దిగే రోజున డ్యూటీ పడితే ఇంకొకరిని బతిమాలి మార్చుకునేవాణ్ణి. చదివింది తమిళంలో, తెలుగు అక్షరాలు రిటైరైనాక దిద్దుకున్నా. తప్పులుంటే సర్దుకోండి.

నాస్తికం అంటే ఈ పక్క ఉన్న మనకు పెరియార్, నల్లచొక్కాలు గుర్తుకొస్తాయి. తెలుగులో కూడా ఒక పెద్ద నాస్తికుడు ఉన్నారు. గోపరాజు రామచంద్రరావు, అందరూ గోరా అంటారు. ఆయన 1902 నవంబరు 15న ఛత్రపురంలో పుట్టారు. హౌరా - మద్రాసు లైన్లో బరంపురానికి దగ్గర ఉండే స్టేషను అది. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అందులో చేరింది. అంటే ఈ రోజు లెక్కలో ఆయన కూడా మనలాగా సరిహద్దుకు అవతల పుట్టిన తెలుగువాడే.

ఆయన మద్రాసులో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివి, మొదట పాఠం చెప్పింది మా మదురై అమెరికన్ కాలేజీలోనే. క్రైస్తవంలో చేరితే పైచదువుకు అమెరికా పంపిస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. తరవాత కాకినాడలో జందెం తీసేశారని సొంత ఇంట్లోనుంచే బయటికి పోవలసి వచ్చింది. దేవుడి భావన గురించి వ్యాసం రాసినందుకు 1933లో అక్కడి కాలేజీ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. భార్య సరస్వతి గారు అన్నిట్లో ఆయన పక్కనే నిలబడ్డారు.

ఇప్పుడు అసలు సంగతి. 1930లో గోరా గాంధీ గారికి జాబు రాసి, దేవుడు అనే మాటకు మీ అర్థమేమిటి అని అడిగారు. దేవుడు మనిషి బుద్ధికి అందడు అని గాంధీ గారు ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఆ జవాబు గోరాకు చాలలేదు. నాకూ మొదట చదివినప్పుడు అది తలుపు వేసినట్టే అనిపించింది. మన ఇళ్ళల్లో కూడా అంతే కదా. పిల్లవాడు ఏదైనా అడిగితే, అది మనకు తెలిసేది కాదులే అని నోరు మూయిస్తాము.

1941లో గోరా మళ్ళీ రాస్తే, మాట్లాడడానికి తనకు తీరిక లేదని జవాబు వచ్చింది. చివరికి 1944లో సేవాగ్రామ్‌కు పోయి కలిశారు. దేవుడు లేడనే మనిషితో నేనేం మాట్లాడాలి అని గాంధీ గారు నవ్వుతూ మొదలుపెట్టారు. గోరా తాను కళ్ళారా చూసింది చెప్పారు. 1943 బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో జనం ఆకలితో చచ్చిపోతున్నారు, పక్కనే అంగళ్ళల్లో తినే వస్తువులు నిండుగా ఉన్నాయి. పడి ఉన్నవాడు నా తలరాత అనుకున్నాడు, అంగడివాడు వాడి తలరాత అనుకున్నాడు. ఇద్దరికీ ఆ మాట నేర్పింది దేవుడి మీద నమ్మకమే అని గోరా వాదన. గాంధీ గారు కోపపడలేదు. విన్నారు, ఇంకా అడిగారు, ఆశ్రమంలో ఉండనిచ్చారు. నా ఆస్తికం సరి అని గానీ, నీ నాస్తికం తప్పు అని గానీ నేను చెప్పలేను, ఇద్దరమూ సత్యాన్ని వెతికేవాళ్ళమే, తప్పు తేలినప్పుడు దిద్దుకుందాము అనే అర్థంలో తరవాత ఆయనతో అన్నారు.

చూడండి, దేవుడు బుద్ధికి అందడు అన్నది ఆయనే. 1930లో ఆ మాటతో సంభాషణ ముగిసింది. అందనిదాని గురించి నా బుద్ధికి తోచిందే కడమాట అని నేనెట్లా అనగలను అనే దాకా ఆయన 1944 తరవాత వచ్చారు. తెలియదు అనే మాటతో ఎదుటివాడి నోరు మూయించవచ్చు. అదే మాటతో ఎదుటివాణ్ణి కూర్చోబెట్టి వినవచ్చు.

మన వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతుంది, గాంధీ గారు సత్యమే దేవుడు అని మార్చుకున్నది గోరాను కలిసినాకే అని. అది సరి కాదు. 1931లోనే ఆయన లోజాన్ సభలో అది చెప్పారు. సత్యం మీది పట్టుదలతోనే నాస్తికులు దేవుణ్ణి కాదంటారని కూడా అక్కడే ఒప్పుకున్నారు. మనకు ఇష్టమైనవారి గురించైనా ఎక్కువ చెప్పకూడదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో బుకింగ్, పార్సిల్ ఆఫీసుల్లో పని చేశా. కట్టి తెచ్చిన మూటను మేము విప్పి చూడము. లోపల ఏముందని పంపేవాడు చెప్తే, రసీదులో 'సెయిడ్ టు కంటెయిన్' అని రాసి ఆ పేరు రాస్తాము. అంటే, ఉన్నట్టు చెప్పారు, మేము చూడలేదు అని. మా నాయన నాకిచ్చిన భక్తి కూడా అట్లాంటి మూటే. దాన్ని నేను పారేయను. లోపల చూశానని మాత్రం సంతకం పెట్టలేను. ఖాళీ మూట అనేవాళ్ళు కూడా విప్పి చూసినవాళ్ళు కారు.

ఇంకొక్కటి. గోరా పెద్ద కూతురు మనోరమకు, దళితుడైన అర్జునరావుకు పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపిస్తానని గాంధీ గారే ఒప్పుకున్నారు. అక్కడి పద్ధతిలో దేవుడి పేరు వస్తుంది కదా అని గోరా అడిగితే, దేవుడికి బదులు సత్యం అని చెప్దాము అన్నారు. పెళ్ళి చూడడానికి ఆయన లేరు. 1948 జనవరి 30న పోయారు. ఆశ్రమంవాళ్ళు మార్చిలో అక్కడే ఆ పెళ్ళి జరిపించారు. రోజూ ప్రార్థన జరిగే ఆశ్రమం అది. ఒక్క పెళ్ళి దేవుడి పేరు లేకుండా జరిగినందుకు అక్కడి ప్రార్థన ఆగిపోలేదు.

అందుకే నా ఓటు హాలు ఇవ్వడానికే. పోయిన ఆయన ఇరవై ఏళ్ళు మన పొంగల్ భోజనాలకు కూరగాయలు తరిగారు. దేవుడి పాట పాడేటప్పుడు మన కోసం లేచి నిలబడేవారు, పెదవి కదిపేవారు కారు. ఆయన కోసం మనం ఒక్క గంట దీపం లేకుండా కూర్చోలేమా? ఇంటికి పోయి ఎవరి దేవుడికి వాళ్ళు దీపం పెట్టుకుందాము. నేనూ పెడతా, ఆయన పేరు చెప్పి.

ఒప్పనివాళ్ళు ఆదివారం వచ్చి చెప్పండి. వింటాను.