గులాబీ ఫారం, నీలం ఫారం

అమెరికాలో స్కూల్ కౌన్సిలర్ కావాలంటే ఇవాళ చాలా రాష్ట్రాల్లో మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. కెక్రెప్ అనే సంస్థ గుర్తింపు ఉన్న కోర్సుల్లో 100 గంటల ప్రాక్టికమ్, ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఈ చదువు ఇంతగా విస్తరించడానికి కారణం పిల్లల మీద ప్రేమ ఒక్కటే కాదు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని ప్రయోగించింది. మరుసటి ఏడే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. తెలివైన పిల్లల్ని వెతికి సైన్సు వైపు నడిపించే కౌన్సిలర్లను తయారు చెయ్యడానికి విశ్వవిద్యాలయాలకు డబ్బిచ్చింది.

ఆ తెలివైన పిల్లల్లో ఆడపిల్లలకి చోటెంత? సాహిత్య పరిశోధకురాలిగా నేను జవాబు కోసం చట్టం కన్నా ముందు కౌన్సిలర్ చేతిలోని ప్రశ్నపత్రాన్ని చదువుతాను. అప్పట్లో బాగా వాడుకలో ఉన్న స్ట్రాంగ్ అభిరుచి పరీక్ష మగవాళ్లకి 1927లో, ఆడవాళ్లకి 1933లో విడివిడిగా వచ్చింది. తర్వాత మగవాళ్ల ఫారం నీలం, ఆడవాళ్లది గులాబీ అయ్యాయి. ఆడవాళ్ల వృత్తుల జాబితాలో 'గృహిణి' కూడా ఉండేది.

అడిగేది స్త్రీ అయితే మేలు జరిగేదా? 1971లో థామస్, స్టీవర్ట్ ప్రచురించిన అధ్యయనంలో కౌన్సిలర్లు, ఆడా మగా తేడా లేకుండా, 'ఆడవాళ్ల' వృత్తిని ఎంచుకున్న అమ్మాయి నిర్ణయమే తగినదన్నారు. 'మగవాళ్ల' వృత్తి కావాలన్న అమ్మాయికే కౌన్సిలింగ్ ఎక్కువ అవసరమన్నారు.

1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. 1974లో రెండు ఫారాలూ ఒక్కటయ్యాయి. 1975 నిబంధనలు కౌన్సిలింగ్‌లో లింగవివక్షను నిషేధించాయి. అయినా ఓపిగ్గా వినడం నేర్పితే చాలదు. ఏ అమ్మాయి కోరిక తన చెవికి సమస్యలా వినబడుతోందో గుర్తుపట్టడం కూడా ఆ 600 గంటల్లో కౌన్సిలర్‌కి నేర్పాలి.